కాలక్షేపానికండి

నేను ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక ఇంటి వసారాలో, నలుగురి ముందు, ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగాను. అంతే. ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం తింటున్నప్పుడు పైకి వస్తుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు వస్తుంది, ఎవరైనా నన్ను మెచ్చుకుంటున్నప్పుడు మరీ వస్తుంది. మింగేస్తాను. మళ్ళీ వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే నన్ను ఓదారుస్తారు, అది నాకు అక్కర్లేదు. లేకపోతే ఊళ్ళో చెప్పేస్తారు, అది నేను ప్రశ్న అడిగిన ఆ మనిషికి అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చివరికి మీకే తెలుస్తుంది. నా పేరు చెప్పను. ఆమె పేరు కూడా మార్చి లక్ష్మొదిన అంటాను. మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. నాకంటే కొంచెం పెద్దది. నన్ను ఏడిపించడం ఆమె హక్కు అన్నట్టు ఉండేది, నాకూ అది ఇష్టంగానే ఉండేది.

మాది నరసాపురం వైపు. మా ఊళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. చివర చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లదారం ఉండ, దారం మాయకుండా ఒళ్ళో ఒక పాత గుడ్డ, ఇంతే సరంజామా. కొందరు పువ్వులు అల్లుతారు. కొందరు ఆ పువ్వుల్ని ఒకదానితో ఒకటి కలుపుతారు, దాన్ని అతుకుపని అంటారు. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లింది అతనే పట్టుకెళ్తాడు. గడప దాటక్కర్లేదు. అసలు సంగతి అదే. మా వాళ్ళల్లో ఆడవాళ్ళు చేలో దిగరు, నాట్లకి వెళ్ళరు. వెళితే పరువు పోతుంది. లేసు అల్లితే పోదు, ఎందుకంటే లేసు అల్లడం పని కింద లెక్క కాదు. ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, ఏదో ఖాళీగా కూర్చోలేక కాలక్షేపానికి అని. ఇంట్లో పొయ్యి ఆ కాలక్షేపంతోనే వెలుగుతున్నా సరే, మాట మాత్రం అదే. అందరికీ తెలుసు. అందరూ తెలియనట్టే ఉంటారు. మా ఊళ్ళో అదొక మర్యాద.

నేను బి.కాం. చదివాను. ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడతాను కాబట్టి, లేసుని విదేశాలకి పంపే ఒక కంపెనీలో చేరాను. కంపెనీ అంటే ఏదో ఊహించుకోకండి. కాలువగట్టు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు రెండు గదుల ఆఫీసు, ఒక ఫ్యాక్సు మిషను. ఇళ్ళ నుంచి వచ్చిన లేసుని షెడ్డులో బ్లీచింగు నీళ్ళలో వేసి తెల్లగా చేసి, ఇస్త్రీ చేసి పంపేవాళ్ళం. మొదట్లో ఎక్కువగా టేబుల్ క్లాతులు వెళ్ళేవి. వాటిని కొనుక్కున్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకునేవారట. రెండువేల సంవత్సరం దాటాక అడిగేవి మారిపోయాయి. బట్టల మీదకి కావాలన్నారు. ఆడపిల్లలు వేసవిలో వేసుకునే పల్చటి చొక్కాల మెడలకి, భుజాలకి, అంచులకి. ఒక రకం పువ్వు చేతికి అలవాటయ్యేలోపు అది పాతబడిపోయింది, ఇంకోటి మొదలుపెట్టండి అని కబురు వచ్చేది. "అక్కడివాళ్ళు రోజుకి ఎన్నిసార్లు బట్టలు మారుస్తారే?" అనేది లక్ష్మొదిన. నేను నవ్వేదాన్ని. మార్చడం కాదు, పారేస్తారని, ఆమె అల్లిన పువ్వు రెండో వేసవి చూడదని నాకు తెలుసు. ఆమెకి చెప్పలేదు. అది చిన్న దాపరికమే. పెద్దదానికి అలవాటు అక్కడ పడిందేమో.

మా అన్నయ్య, అంటే లక్ష్మొదిన భర్త, రొయ్యల చెరువుల రోజుల్లో అందరిలాగే బాగా సంపాదించాడు. వరిచేలు తవ్వించి చెరువులు చేశాడు. ఊరి మొదట్లో పెద్ద డాబా కట్టాడు. తర్వాత రొయ్యలకి తెగులు వచ్చింది. చెరువులు పోయాయి, ఉప్పెక్కిన నేల మళ్ళీ వరికి పనికి రాలేదు. డాబా ఒక్కటే మిగిలింది. అన్నయ్య ఇస్త్రీ బట్టలు వేసుకుని వసారాలో కూర్చుని పేపరు చదివేవాడు. లోపలి గదిలో కిటికీ దగ్గర లక్ష్మొదిన లేసు అల్లుతూ ఉండేది. పొద్దున్న కాఫీలయిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా, మధ్యలో వంటకి లేవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఆ ఇంట్లో బియ్యం, పప్పు, కరెంటు, పెద్దమ్మ మందులు, అన్నీ ఆ కిటికీ దగ్గర నుంచే వచ్చేవి. అన్నయ్య చెడ్డవాడు కాదు. ఆ కిటికీ వైపు చూసేవాడు కాదు, అంతే.

అలా ఉండగా మా సరుకు కొనే విదేశీ కంపెనీ ఒక మనిషిని పంపుతోందని తెలిసింది. వాళ్ళ దేశంలో కుర్రకారు షాపుల ముందు నిలబడి, ఇంత చవగ్గా అమ్మే ఈ బట్టలు ఎవరి చేత చేయిస్తున్నారు, వాళ్ళకేం ఇస్తున్నారు, ఆ మురికినీళ్ళు ఎక్కడికి పోతున్నాయి అని అడగడం మొదలుపెట్టారట. అందుకని ఒక దొరసాని వచ్చి చూస్తుంది. ఈ ఆడవాళ్ళు దీని మీదే బతుకుతున్నారని తేలితే వాళ్ళని వర్కర్లుగా గుర్తించాలి, రేటు పెంచాలి, రోజుకి ఇంతకంటే చేయించకూడదని హద్దు పెట్టాలి, ఏటా కళ్ళ డాక్టరుని పిలిపించి అందరికీ చూపించాలి. ఖర్చు కొంత వాళ్ళు పెట్టుకుంటారు, కొంత మేం పెట్టుకోవాలి. అప్పుడే ఊళ్ళోకి పాకిపోయింది ఈ కబురు.

మా యజమాని నన్ను అబద్ధం చెప్పమనలేదు. అది నిజమే, ఆయన మీదకి తోసి తప్పించుకోను. "వర్కర్లని ఒకసారి ఒప్పుకుంటే మన మెడకి చుట్టుకుంటుందమ్మా. ఇంత గడువులో, ఇంత చవగ్గా మళ్ళీ ఇవ్వలేం. ఆర్డరు పోతే అందరికీ పోతుంది. తెలివైనదానివి, నువ్వే చూసుకో" అన్నారు. చూసుకున్నాను.

అందరి కోసమే చూసుకున్నానా? ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, చెప్పుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. మేనేజరు ఉద్యోగం మీద నాకు కన్ను లేదా? ఉంది. ఆ కుర్చీలో నన్ను నేను ఊహించుకోలేదా? ఊహించుకున్నాను. ఆ రెండూ కలిసి ఉన్నాయి, ఏది ఎంత అని ఇప్పుడు విడదీయలేను.

దొరసాని వచ్చే ముందు వారం నేను వాళ్ళింటికి వెళితే, లక్ష్మొదిన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఎడమ కన్ను సరిగా కనిపించడం లేదంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయట. ఆ పక్కనుంచి ఎవరైనా వస్తే మీదకి వచ్చేదాకా తెలియడం లేదట. అన్నయ్యకి చెప్పలేదు, చెబితే లేసు మానెయ్యమంటాడు, మానేస్తే తినేదేమిటి అంది. "ఆవిడొస్తే చెప్పేస్తానే. ఇదే మా ఆధారమని చెప్పేస్తాను. డాక్టరుకి చూపిస్తారంట కదా. ఎన్నాళ్ళని దాస్తాను? పక్కన నువ్వుంటావు, ఇంక నాకు సిగ్గేంటి?" అంది.

సరే వదినా అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

దొరసానిని వేరే ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. ఎక్కడికి తీసుకెళ్ళినా కాలక్షేపానికనే చెప్పేవారు. కానీ ఆవిడ దగ్గర లక్ష్మొదిన అతుకుపని చేసిన శాంపిలు ఉంది, ఇది చేసిన మనిషినే చూడాలి, ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి అని ముందే అడిగింది. చూపించకుండా కుదరదు. అందుకని నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. విదేశాల నుంచి ఒకావిడ మనింటికి వస్తున్నారు, ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురూ ఉంటే నిండుగా ఉంటుంది అన్నాను. ఆయన మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. చెరువులు పోయాక ఆ ఇంటికి అంతటి మనిషి రావడం అదే. కుర్చీలు తెప్పించాడు. కొబ్బరిబొండాలు దింపించాడు. పూతరేకులు తెప్పించాడు. నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు చూడండి. కుర్చీలు వేయించాను.

ఆ పొద్దున్న ముందు షెడ్డు చూపించాను. బ్లీచింగు నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగింది. కొత్తగా తవ్వించిన గుంట చూపించాను. కాలువలోకి వెళ్ళే గొట్టం మీద కొబ్బరిమట్టలు వేయించి ఉంచాను. ఆవిడ గుంట చూసి తల ఊపింది. ఇది కూడా నేను చేసిందే. కానీ నిజం చెప్పాలంటే ఇది నన్ను అంతగా బాధపెట్టదు. ఎందుకు పెట్టదు? ఆ కాలువనీళ్ళే కింద ఊరివాళ్ళు బిందెలతో ముంచుకునేవారు. పెట్టాలి కదా. కాలువకి మొహం లేదు కాబట్టి కాబోలు.

ఒంటరిగా మాట్లాడతానంటే, మా పద్ధతి కాదండి, ఇంటి పెద్దలు ఉండాలి అన్నాను. ఆవిడ పాపం నమ్మింది. నడివయసు మనిషి, చెమటలు కక్కుతూ చెప్పులు బయట విప్పి వసారాలోకి వచ్చింది. తన కోసం వేసిన కుర్చీలో కూర్చోలేదు, కింద చాప మీద లక్ష్మొదిన పక్కన కూర్చుంది. లక్ష్మొదిన పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. ఏదో పరీక్షకి సిద్ధమైన మనిషిలా ఉంది. నన్ను చూసి చిన్నగా నవ్వింది. వసారాలో అన్నయ్య, ఆయన తల్లి అయిన మా పెద్దమ్మ, ఎదురింటి మావయ్యగారు, ఇంకా నలుగురైదుగురు ఉన్నారు.

దొరసాని మెల్లగా, ఎంతో గౌరవంగా అడిగింది. మీ కుటుంబానికి ఈ పని ఆధారమేనా, ఇందులో మీకేమైనా ఇబ్బంది ఉందా అని. ఇంతే ఆవిడ అడిగింది.

దీన్ని తెలుగులో ఎన్ని రకాలుగా అడగవచ్చో నాకు తెలుసు. ఇంటికి ఆసరాగా ఉంటుందా అనొచ్చు. మీ చేతిపని వల్ల ఇంటికి సాయమేనా అనొచ్చు. అంతమందిలోనూ ఆమె తల దించుకోకుండా అవునండి అనగలిగేలా అడగొచ్చు. నేను పుట్టింది ఆ మనుషుల్లోనే. ఏ మాట అంటే ఏ తలుపు మూసుకుంటుందో నాకు తెలుసు.

"వదినా, నువ్వు ఇది కూలికి చేస్తున్నావా, నీ కూలి డబ్బు మీదే ఈ ఇల్లు గడుస్తోందా అని అడుగుతున్నారు" అన్నాను.

గట్టిగా అన్నాను. వసారా చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా.

అన్నయ్య చేతిలో బొండాం అలాగే ఉండిపోయింది. ఎదురింటి మావయ్యగారు వీధి వైపు తిరిగారు. మా పెద్దమ్మ పైట సర్దుకుంది. లక్ష్మొదిన మొగుడి వైపు చూడలేదు. అత్తగారి వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు, నేను కళ్ళు తిప్పుకున్నాను. తర్వాత దొరసాని వైపు తిరిగి నవ్వుతూ చెప్పింది.

"అబ్బే, కూలేంటండి. మాకేం లోటండి. ఏదో కాలక్షేపానికండి."

ఒంట్లో బాగుంటుందా అని దొరసాని అడిగింది. అది మాత్రం నేను సరిగ్గానే అడిగాను. బాగుంటుందండి, అంది. ఈ జవాబులు రెండూ ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజంతటిలో నేను నిజాయితీగా చేసిన పని అదొక్కటే. దొరసాని తృప్తిగా తల ఊపి, ఆమె చేతుల ఫొటో తీసుకుంది. అన్నయ్య ఊపిరి పీల్చుకుని అందరికీ పూతరేకులు పెట్టించాడు. నేనూ తిన్నాను. రెండు తిన్నాను.

కొన్ని నెలలకి ఆ చొక్కాలకి తగిలించే అట్టముక్క మా ఆఫీసుకి వచ్చింది. దాని మీద లక్ష్మొదిన చేతుల బొమ్మ. కింద ఇంగ్లీషులో, గోదావరి ఒడ్డున గృహిణులు తమ తీరిక వేళల్లో ఇష్టంగా అల్లిన లేసు, అని ఉంది. ప్రకృతికి హాని లేనిది అని కూడా ఉంది. ఒకటి తీసుకెళ్ళి ఆమెకి చూపించాను. ఎందుకు తీసుకెళ్ళాను? ఆమె సంతోషిస్తే నాకు తేలిక అవుతుందనా? ఏం రాశారే అని అడిగింది. చదివి తెలుగులో చెప్పాను. అట్టముక్కని కుడి కంటి దగ్గరగా పెట్టుకుని చూసి, "చేతులు బాగా పడ్డాయి" అంది. మళ్ళీ సూది అందుకుంది. అప్పటి నుంచి నన్ను ఏడిపించడం మానేసింది. మర్యాదగా మాట్లాడేది. భోజనం చేసి వెళ్ళమ్మా అనేది. అంతకుముందు ఎప్పుడూ నన్ను అమ్మా అనలేదు.

ఆ అట్టముక్క వల్ల ఆర్డర్లు పెరిగాయి. రేటు పెరగలేదు, తీరిక వేళల పనికి రేటెందుకు? గడువులు తగ్గాయి. నన్ను మేనేజరుని చేశారు. లక్ష్మొదిన కాఫీలకి ముందే కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు గుమ్మం కనపడక పడిపోయింది. రాజమండ్రి తీసుకెళ్ళాం, నేనే తీసుకెళ్ళాను. నీటికాసులు అన్నారు డాక్టరుగారు. ఇది లేసు పని వల్ల వచ్చింది కాదమ్మా, కంట్లో ఒత్తిడి పెరిగి వస్తుంది, ముందే చూపించుకుని చుక్కలు వేసుకునుంటే చూపు నిలబడేది, పోయినదాన్ని మాత్రం తేలేం అన్నారు. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది చాలావరకు పోయింది.

లేసు వల్ల కాదు. ఆ ముక్క పట్టుకుని నేను కొన్నాళ్ళు హాయిగా బతికాను. ముందే చూపించుకునుంటే అన్న రెండో ముక్క విననట్టే ఉన్నాను. వంటింట్లో తలుపు దగ్గరగా వేసి ఆమె నన్ను అడిగింది ఆ రెండో ముక్కే కదా. ఆమెకి వేరేగా డాక్టరుకి నేనే చూపించి ఉండొచ్చు కదా? ఉండొచ్చు. ఆ రోజు తర్వాత ఆమె కన్ను గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. మాట్లాడితే మిగతాదీ మాట్లాడాలి. దొరసాని నిజం విన్నా వాళ్ళు రేటు పెంచేవాళ్ళు కాదేమో, కళ్ళ డాక్టరు మాట ఉత్తిదేనేమో, మా ఊరిని వదిలేసి ఇంకా చవగ్గా చేసేవాళ్ళని వెతుక్కునేవాళ్ళేమో. ఏమో. ఈ ఏమోల వెనక చాలా ఏళ్ళు దాక్కున్నాను.

చివరికి ఎలాగూ వదిలేశారు. ఎక్కడో మిషన్ల మీద అచ్చం ఇలాంటి లేసే వస్తోందన్నారు, వేసుకునేవాళ్ళకి తేడా తెలియదన్నారు. అందరి కోసం నేను కాపాడిన ఆర్డరు ఒక్క ఫ్యాక్సుతో ఆగిపోయింది. మిగిలిన మూటలు షెడ్డులో చెమ్మకి పసుపెక్కిపోయాయి. వాటిని షెడ్డు వెనక తగలబెట్టించాను. ఎవరి పువ్వులో, ఎవరి అతుకుపనో, ఎవరి కళ్ళో.

ఇప్పుడు నన్ను పిలిచి మాట్లాడిస్తున్నారు. మొన్న రాజమండ్రిలో ఒక కాలేజీలో, బట్టలు, పర్యావరణం, పనివాళ్ళ హక్కులు అన్న విషయం మీద. లేసు అల్లే ఆడవాళ్ళ వెన్నంటి నిలిచిన మనిషి అని పరిచయం చేశారు. ఒక అమ్మాయి లేచి, మేం ఏం చేస్తే వాళ్ళకి మేలు జరుగుతుందండి అని అడిగింది. తక్కువ కొనండి, ఎక్కువ కాలం కట్టుకోండి, ఎవరు చేశారో, వాళ్ళకేం ముట్టిందో అడగండి అన్నాను. అడగండి అన్నాను. నా నోటితో. చప్పట్లు కొట్టారు. ఎవరి ముందు అడుగుతున్నారు, ఏ మాటతో అడుగుతున్నారు అన్నది చెప్పలేదు. అది చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. ఆ పిల్లలు అడుగుతారు. మధ్యలో నాలాంటిది ఒకత్తి నిలబడి ఉంటుంది. ఎక్కడైనా ఉంటుంది. అందుకే నాకు ఈ వ్యవహారం బాగుపడుతుందన్న ఆశ లేదు.

అక్కడి నుంచి తిన్నగా ఊరికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. డాబా పెచ్చులూడుతోంది. అన్నయ్య వసారాలోనే ఉన్నాడు. లక్ష్మొదిన అదే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చేత్తో తడుముకుంటూ ఒట్టి గొలుసు అల్లుతోంది, కొంత అల్లాక లాగేసి విప్పేస్తోంది, మళ్ళీ అదే దారంతో మొదలుపెడుతోంది. దగ్గరగా కూర్చుని, వదినా, ఆ రోజు దొరసాని ముందు కూలి అన్న మాట నేను కావాలనే అన్నాను, అన్నాను.

సూది ఆగింది.

"ఏం కూలే? మనింట్లో కూలి చేసిందెవరు?" అంది. వసారాలోకి వినపడేలా, గట్టిగా అంది. ఆ రోజు నేను అన్నంత గట్టిగా. తర్వాత మామూలు గొంతుతో, "కాఫీ తాగి వెళ్ళమ్మా" అంది.

అప్పుడు అర్థమైంది. చూపు పోయింది, పని పోయింది. ఆమెకి మిగిలింది ఆ రోజు చెప్పిన జవాబొక్కటే. నా తప్పు నేను ఒప్పుకుంటే అది అబద్ధమని తేలిపోతుంది. నన్ను ఒప్పుకోనివ్వదు. క్షమించిందనుకోకండి. క్షమించాలంటే ముందు జరిగిందనాలి కదా. కాఫీ తాగాను. బస్సెక్కాను.

అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇది రాస్తుంటే నా గొంతుకి కాస్త తేలికగానే ఉంది, ఆ మాట దాచను. ఈ తేలిక ఆమెకి ఏ విధంగానూ అందదు, అదీ తెలుసు. దొరసాని ఎక్కడుందో, అసలు ఆ ఇల్లు గుర్తుందో లేదో తెలియదు. అయినా ఆవిడ అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉండాలి.

అవునండి. ఇదే మా ఇంటికి ఆధారమండి. నా ఎడమ కన్ను సరిగా కనిపించడం లేదండి, డాక్టరుకి చూపించండి.

ఇది చెప్పడానికే ఆమె ఆ పొద్దున్న పెట్టెలోంచి చీర తీసి కట్టుకుంది.